ఆలకించుటయు ప్రార్థనయే

భగవంతునితో మాటలాడుట ప్రార్థన యని మనమందరము ఎరుగుదుము. ఆయన మాటను ఆలకించుట కూడ ప్రార్థనయే యని తలచువారు అరుదు. కోరికలు విన్నవించి, స్తోత్రము ముగించి లేచిపోవుదుము. బదులు వినుటకు నిలువము. క్రైస్తవ భక్తులు ఈ లోపమును గుర్తించి, దినమున కొంత కాలము దైవసన్నిధిని మౌనముగా గడపుటను నియమముగా పాటించుచు వచ్చిరి.

ఐతే ఈ నియమము తీరిక గలవారికే గాని కష్టజీవికి సాధ్యమా? వంగదేశమున ఖరగ్‌పూరు రైల్వే పట్టణమందలి నిమ్‌పురాను తలచుకొన్నచో ఈ ప్రశ్న బరువు తెలియును. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాలు నాగపూరు రైల్వే అచ్చటికి వచ్చినది మొదలు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారెందరో బ్రతుకుతెరువునకై ఆ పట్టణమునకు పోయి స్థిరపడిరి. వారిలో హిందువులును గలరు, క్రైస్తవులును గలరు. నిమ్‌పురాలో గూడ్సు బండ్లను విడదీసి కూర్చెడి పెద్ద యార్డు గలదు. రేయింబవళ్లు ఇంజనుల కూతలు, పెట్టెలు తాకు చప్పుళ్లు. డ్యూటీ ఒకప్పుడు పగలు, ఒకప్పుడు రాత్రి. చిన్న ఇంటిలో పిల్లలు, వృద్ధులు, వచ్చిపోవు బంధువులు. అట్టి గృహస్థుని ఏకాంతమున కూర్చుండుమనుట పరిహాసము కాదా?

ఏసుప్రభువు జీవితమును చూడుడు. కపెర్నహూములో సాయంకాలమున ఊరంతయు రోగులతో వాకిట గుమిగూడెను. ఆయన వారిని స్వస్థపరచి, మరునాడు ఇంకను చీకటి యుండగనే లేచి నిర్జనస్థలమునకు పోయి ప్రార్థించెను. పని తీరిన పిమ్మట మిగిలిన కాలమును గాక, పనికి ముందటి కాలమును ఆయన దేవునికిచ్చెను. తీరిక దొరకునది కాదు, చేసికొనవలసినది.

ఇక రొద మాట. పొడవు పిడిగల సుత్తితో చక్రమును తట్టి, ఆ మ్రోతను బట్టి అది గట్టిదో, పగులు గలదో కనిపెట్టు పని రైల్వేలలో చిరకాలము జరిగినది. ఆ పనివాడు స్టేషను రొద అణగువరకు వేచియుండలేదు. రొదలోనే ఒక్క ధ్వనిని పట్టు చెవిని అభ్యాసముచే సంపాదించుకొనెను. కాని తట్టిన ఆ క్షణమున తాను మాత్రము మాటలాడడు. మౌనమనగా లోకము ఊరకుండుట కాదు. మన మనస్సు తన వాదమును నిలుపుట. పదునేడవ శతాబ్దమున పారిస్ నగరపు మఠమందు వంటపని చేసిన బ్రదర్ లారెన్సు పాత్రల చప్పుడు నడుమనే దైవసన్నిధిని అనుభవించెను. మనస్సునందును, ఇంటి మూలయందును, వనమునందును ధ్యానింపవచ్చునని శ్రీరామకృష్ణులు గృహస్థులకు బోధించిరి. వనము లేనివానికి మూల గలదు. మూలయు లేనివానికి మనస్సు గలదు.

ఇందొక అపాయమును గలదు. మన కోరికయే దైవవాణి వేషమున పలుకవచ్చును. దానిని గుర్తించుటెట్లు? ప్రాణభీతితో పారిపోయిన ఏలీయా ప్రవక్త హోరేబు పర్వతముపై నిలువగా పెనుగాలి, భూకంపము, అగ్ని వరుసగా వచ్చెను. దేవుడు వానియందు లేకుండెను. పిమ్మట మెల్లని స్వరము వినవచ్చెను. ఆ స్వరము అతనిని అక్కడనే దాగియుండుమనలేదు. విడిచివచ్చిన కర్తవ్యమునకు మరల పంపెను. మన కోరిక మనలను మెచ్చుకొనును; దైవవాణి మనకు పని చెప్పును.

కావున మౌనమునుండి లేచినవాడు తన్ను తాను పరీక్షించుకొనవలెను. ఏడ్చు బిడ్డపై విసుగుకొన్నచో అతడు వినినది ఎవరి మాట? కుళాయి వద్ద తగవులాడిన పొరుగువానిని తానే ముందుగా పలుకరించినచో కొంత విన్నాడనవచ్చును. మరియొకటి: భర్త కన్నులు మూసికొని కూర్చుండిన పది నిమిషములును ఇంటి భారమంతయు భార్యయే మోయుచుండును. ఆమె మౌనమునకై అతడును పది నిమిషములు బిడ్డను ఎత్తుకొనవలదా? ఇతరుల విశ్రాంతిని హరించి సంపాదించిన ఏకాంతమున భగవంతుడు మొదట పలుకు మాట ఇదియే కావచ్చును.

మన నవవిధ భక్తులలో శ్రవణము మొదటిది. చర్చిలో మోకరిల్లినవానికైనను, పూజామందిరమున కూర్చుండినవానికైనను అభ్యాసమొక్కటే: మాట ఆపి వినవలెను, విని లేవవలెను, లేచి చేయవలెను.