ఇల్లు కొనేదాకా దానం ఆపేయొచ్చా?

ఈ వారం వీడియోలో వామన చరిత్ర చెప్పుకున్నాం. బలి చక్రవర్తి మూడడుగులు ఇస్తాననడం, శుక్రాచార్యుడు వద్దనడం, బలి వినకపోవడం మీ అందరికీ తెలిసిన కథే. ఆ కథలో వీడియో నిడివి వల్ల వదిలేసిన ఒక మాట ఉంది. అది మనలాంటి వాళ్ళకి, అంటే అద్దె ఇంట్లో ఉంటూ సొంత ఫ్లాట్ కోసం రూపాయి రూపాయి కూడబెడుతున్న వాళ్ళకి, సూటిగా తగిలే మాట. అందుకే దాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ప్రశ్న ఇది. డౌన్ పేమెంట్ కోసం పొదుపు చేస్తున్న రోజుల్లో దానధర్మాలు ఆపేయడం తప్పా? "ముందు నా తల మీద కప్పు పడనీ, తర్వాత అందరికీ చేస్తా" అనుకోవడం స్వార్థమా, వివేకమా?

ముందు లెక్క చూద్దాం. లెక్క చూడకుండా చెప్పే ధర్మం గాల్లో మాటే అవుతుంది. హైదరాబాద్ శివార్లలో 60 లక్షల ఫ్లాట్ అనుకోండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణానికి, బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు. కాబట్టి 12 లక్షలు మన చేతినుంచి పెట్టాలి. దానిపైన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. మొత్తం 16.5 లక్షలు. నెలకి 35,000 మిగిల్చగలిగినా దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. అదీ ఈలోగా రేట్లు పెరగకపోతేనే.

నాలుగేళ్ళంటే చిన్న తపస్సు కాదు. లంచ్ బాక్స్ కట్టుకోవడం, క్యాబ్ మానేసి మెట్రో ఎక్కడం, పాత ఫోన్‌తోనే నెట్టుకురావడం, ఫ్రెండ్స్ గోవా వెళ్తుంటే ఏదో ఒక సాకు చెప్పడం. ఇలా బతుకుతున్న వాళ్ళని "మీకు దానబుద్ధి లేదు" అని నిందించే హక్కు ఎవరికీ లేదు. నాకూ లేదు.

ఇంకో మాట. సొంతిల్లు కావాలనుకోవడం మాయ, మోహం అని కొట్టిపారేసేవాళ్ళు కొందరుంటారు. నేను ఒప్పుకోను. ధర్మార్థకామమోక్షాలు నాలుగూ పురుషార్థాలే. అందులో అర్థం రెండోది. గృహస్థు అనే పేరులోనే గృహం ఉంది. దీపం పెట్టాలన్నా, అతిథికి నాలుగు మెతుకులు పెట్టాలన్నా, ముసలితనంలో అమ్మానాన్నల్ని దగ్గర పెట్టుకోవాలన్నా ఒక చోటు కావాలి. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోగానే ఓనర్ ఏమంటాడో అని భయపడుతూ బతికే మనిషి ఇల్లు కోరుకుంటే అది అత్యాశ ఎలా అవుతుంది?

కాబట్టి ఇల్లు కోరుకోవచ్చు, దాచుకోవచ్చు. మరి దాచుకునేటప్పుడు ఎక్కడ కోయాలి? అసలు విషయం అక్కడుంది.

ఇప్పుడు శుక్రాచార్యుడి దగ్గరికి వద్దాం. భాగవతం ఎనిమిదో స్కంధంలో ఆయన బలికి చెప్పిన మాటల సారాంశం ఇది. బతుకుతెరువునే దెబ్బతీసే దానాన్ని పెద్దలు మెచ్చుకోరు. ఉన్న ధనాన్ని ఐదు పాళ్ళు చేసుకోవాలి: ధర్మానికి ఒకటి, పేరుకి ఒకటి, మళ్ళీ సంపద పెరగడానికి ఒకటి, సుఖానికి ఒకటి, తనవాళ్ళకి ఒకటి. అలా పంచుకున్నవాడు ఇక్కడా అక్కడా సుఖపడతాడు.

ఎంత ఆచరణకి దగ్గరగా ఉందో చూడండి. ఇవాళ్టి ఫైనాన్స్ వీడియోల్లో చెప్పే బడ్జెట్ పాఠాలకి ఇదేమీ తీసిపోదు. పొదుపు, అంటే సంపద పెరగడానికి పెట్టే పాలు, ఇందులో ఉంది. సుఖానికి కూడా పాలు ఉంది, నువ్వు కాఫీ కూడా తాగకూడదు అని ఆయన అనలేదు. కానీ ధర్మం పాలు, తనవాళ్ళ పాలు కూడా అదే వరుసలో ఉన్నాయి. అవి "మిగిలితే చూద్దాం" అనే ఖాతాలో లేవు.

మరి ఇంత మంచి సలహా ఇచ్చిన గురువు మాట బలి ఎందుకు వినలేదు? శుక్రుడి లెక్క తప్పని కాదు. అది చెప్పిన సమయం దాటిపోయింది. బలి అప్పటికే "ఇస్తాను" అన్నాడు. అన్న క్షణం నుంచీ ఆ మూడడుగులు ఆయన సొమ్ము కావు, వామనుడికి బాకీ. దానం తగ్గించుకోవచ్చు, బాకీ ఎగ్గొట్టకూడదు. మన తెలుగువాళ్ళు చెప్పుకునే కథలో శుక్రుడు కమండలం ముక్కులో దూరి ధారకి అడ్డుపడి ఒక కన్ను పోగొట్టుకుంటాడు. పొదుపు పాఠం చెప్పినందుకు ఆయన కన్ను పోలేదు. ఒకరికి చెందాల్సింది వాళ్ళకి చేరకుండా అడ్డుపడినందుకు పోయింది. నేను ఈ కథని అలా అర్థం చేసుకుంటాను.

ఈ తేడా పట్టుకుంటే మన ప్రశ్న సగం తేలిపోతుంది. నెల జీతంలోంచి బయటికి పోయే డబ్బుని మూడు రకాలుగా చూడండి: బాకీ, దానం, సుఖం.

పనిమనిషి జీతం, దసరాకి ఆమెకి ఇస్తున్న బోనస్, ఊళ్ళో అమ్మానాన్నలకి పంపే మందుల డబ్బు, చెల్లి ఫీజు కడతానన్న మాట... ఇవన్నీ బాకీలు. వీటిని మనం దానాలు అనుకుంటున్నాం, అందుకే పొదుపు మొదలుపెట్టగానే మొదటి కత్తెర వీటి మీద పడుతుంది. "ఈ ఏడాది కొంచెం టైట్‌గా ఉంది అక్కా" అని పనిమనిషితో అనడం తేలిక. బ్రాండ్ షూస్ వద్దని మనసుతో అనడం కష్టం. ఆమె ఎదురు చెప్పలేదు, మనసు ఊరుకోదు. మన పొదుపు ఎదురు చెప్పలేనివాళ్ళ మీద పడుతోందంటే అది పొదుపు కాదు. మన ఇంటికి వాళ్ళు పెడుతున్న డౌన్ పేమెంట్ అది!

రైతుబజార్‌లో ఆకుకూరలమ్మే ముసలమ్మతో ఐదు రూపాయలకి బేరమాడి, అదే సాయంత్రం మాల్‌లో స్టిక్కర్ మీద ఉన్న ధర మాట్లాడకుండా కట్టేయడం కూడా ఇలాంటిదే.

కాబట్టి నాకు తోచిన వరుస ఇది. ముందు సుఖంలోంచి కోయాలి, ఎంతైనా కోయొచ్చు. దానాన్ని తగ్గించొచ్చు, సున్నా చేయకూడదు. బాకీని ముట్టుకోకూడదు. పొదుపుకీ లోభానికీ మధ్య గీత ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేనొక్క ప్రశ్నే తిరిగి అడుగుతాను: నువ్వు మిగిల్చిన ఈ రూపాయి ఎవరి పాల్లోంచి వచ్చింది?

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. "సరే, బాకీలు తీరుస్తాను. దానం మాత్రం నాలుగేళ్ళు ఆపితే ఏమవుతుంది? ఇల్లయ్యాక రెట్టింపు చేస్తా." న్యాయమైన మాటలాగే ఉంది. కానీ మళ్ళీ లెక్కకి రండి. మిగతా 48 లక్షలు లోన్ తీసుకుంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళకి ఈఎంఐ సుమారు 41,600 వస్తుంది. ఇప్పుడు దాస్తున్న 35,000 కంటే ఎక్కువ. ఆ తర్వాత ఇంటీరియర్స్, మెయింటెనెన్స్, పిల్లల స్కూల్. "ఇల్లయ్యాక" అనే తీరిక రోజు ఆ ఇరవై ఏళ్ళలో ఎక్కడా కనిపించదు. చేతికి ముడుచుకోవడం అలవాటైతే, తెరవాల్సిన రోజున అది తెరుచుకోదు.

ఇప్పుడు అవతలి వైపు లెక్క కూడా చూడండి. ఆ 35,000లోంచి నెలకి వెయ్యి దానానికి తీశారనుకోండి. 16.5 లక్షలు చేరడానికి 47 నెలల చిల్లర బదులు 48న్నర నెలలు పడుతుంది. అంటే మీ గృహప్రవేశం నెలన్నర కూడా ఆలస్యం కాదు. నాలుగేళ్ళలో నెలన్నర! వెయ్యి కూడా కుదరకపోతే రెండొందలు తీయండి. మహాభారతం అశ్వమేధపర్వంలో ముంగిస కథ గుర్తుందా? కరువులో పస్తులున్న బ్రాహ్మణ కుటుంబం తమకున్న కాస్త పేలపిండినీ అతిథికి పెట్టేసింది. ఆ పిండి తగిలి సగం ఒళ్ళు బంగారమైన ముంగిస, ధర్మరాజు యాగశాలలో ఎంత పొర్లినా మిగతా సగం బంగారం కాలేదు. మనల్ని పస్తులుండి ఇవ్వమని ఈ కథ చెబుతోందని నేననను. దానాన్ని అంకెతో కొలవరని చెబుతోంది. రెండొందలకి సిగ్గుపడి అసలే మానేసేవాళ్ళ కోసమే ఆ ముంగిస ఇంకా పొర్లుతోంది.

లోభం పట్టుకున్నవాడికి ఏమవుతుందో భాగవతం పదకొండో స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవుడికి చెప్పాడు. అవంతిలో ఒక ధనవంతుడైన బ్రాహ్మణుడు. వ్యవసాయం, వ్యాపారం చేసి బాగా గడించాడు. బంధువుల్నీ అతిథుల్నీ ఆదరించలేదు, తానూ తినలేదు. చివరికి ఆ సొమ్ములో కొంత సొంతవాళ్ళు, కొంత దొంగలు పట్టుకుపోయారు, కొంత కాలం మింగేసింది. ఈ కథలో నన్ను ఆపేసిన వివరం ఒకటుంది. ఆయన అతిథుల్ని కనీసం మాటతో కూడా ఆదరించలేదట. మాటకి ఖర్చు ఏముంది? ఏమీ లేదు. కానీ ఇవ్వకపోవడం స్వభావమైపోయాక ఊరికే వచ్చేవి కూడా చేతినుంచి జారవు. ఫ్రెండ్ ఫోన్ చేస్తే అప్పడుగుతాడేమో అని ఎత్తకపోవడం, చుట్టాలు వస్తామంటే ముందే ఖర్చు లెక్కేయడం మొదలైతే జాగ్రత్తపడాలి. తగ్గుతున్నది బిల్లు ఒక్కటే కాదు.

రెండో వైపు కూడా చెప్పాలి. ఒంటిని ఎండగట్టడం పొదుపు కాదు. శరీరాన్ని హింసించి చేసే తపస్సుని గీత పదిహేడో అధ్యాయంలో భగవంతుడు ఆసురమన్నాడు. పంటినొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా, హెల్త్ ఇన్సూరెన్స్ ఆపేసి, రోజూ నూడుల్స్‌తో కడుపు నింపుకుని మిగిల్చిన డబ్బు తర్వాత ఆసుపత్రికే పోతుంది. ఇంట్లో వాళ్ళని ఇబ్బంది పెట్టి బయట దానాలు చేసి పేరు తెచ్చుకోవడాన్ని కూడా ధర్మశాస్త్రం ధర్మమనలేదు. అప్పు చేసి, క్రెడిట్ కార్డు గీకి దానం చేయమని నేనూ చెప్పను.

ఇంకొక్క విషయం, కాస్త ఘాటుగా ఉంటుంది. కొనే రోజు వచ్చాక, "కొంత బ్లాక్‌లో ఇస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుంది" అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. నాలుగేళ్ళు నిజాయితీగా దాచినవాడికి అక్కడ పరీక్ష. తగ్గేది ప్రభుత్వానికి చెందాల్సిన పాలు, అంటే అందరి పాలు. అలాగే రెరా రిజిస్ట్రేషన్ లేకుండా "ప్రీలాంచ్‌లో సగం ధరకే" అనే ఆఫర్లు. 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టు, రిజిస్టర్ కాకుండా అమ్మకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతం మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. కష్టపడి దాచిన డబ్బుని లోభం ఒక్క సంతకంతో పట్టుకుపోగలదు. పూజగది ఈశాన్యంలో ఉందా అని నాలుగుసార్లు చూస్తాం. డబ్బు ఏ దిక్కునుంచి వచ్చింది, ఏ దారిన పోతోంది అని ఒక్కసారైనా చూడాలి కదా!

చివరిగా, ఇల్లు ఎందుకు? గోదావరి లంకల్లో గన్నవరం అనే ఊళ్ళో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఉండేవారు. ఆకలితో వచ్చినవాళ్ళకి వేళతో పనిలేకుండా అన్నం పెట్టిన తల్లి. ఇన్నేళ్ళ తర్వాత 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టారు. ఆవిడ ఇల్లు ఎన్ని గదులదో ఎవరూ చెప్పుకోరు. తలుపు తెరిచి ఉండేదని చెప్పుకుంటారు. మనం సీతమ్మగారంత కాలేకపోవచ్చు. కానీ నాలుగేళ్ళు తలుపులు మూసుకోవడం నేర్చుకుని కొన్న ఇంటికి, ఎంత మంచి వాస్తు ఉన్నా, తలుపు తీసే చేయి ఎక్కడినుంచి వస్తుంది?

అందుకే ఒక చిన్న పని చేసి చూడండి. జీతం పడిన రోజు, ఇంటి డబ్బు పక్కన పెట్టడానికి ముందే బాకీలు పంపించేయండి. తర్వాత దానానికి ఎంతో కొంత తీయండి. గుడి అన్నదానానికో, మీ వీధిలో పుస్తకాలు కొనలేని పిల్లాడికో, ఎవరికన్నది మీ ఇష్టం. తర్వాత ఇంటికి దాచండి. మిగిలినదానితో సర్దుకోండి. సర్దుకోవాల్సింది మనం, మన మీద ఆధారపడ్డవాళ్ళు కాదు. ఇలా దాచిన డబ్బుతో కట్టిన గుమ్మానికి మామిడాకులు కట్టే రోజు మీ అందరికీ త్వరగా రావాలని ఆ వామనమూర్తిని ప్రార్థిస్తున్నాను. మూడడుగుల చోటు విలువ ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు!

శ్రీకృష్ణార్పణమస్తు.