క్షమించు హక్కు ఎవరిది?

ఒకడు మనకు కీడు చేసినయెడల వానిని క్షమించుట మన వంతు. అది కష్టమే గాని, ఎవరు చేయవలెనో స్పష్టముగా తెలిసిన పని. అయితే కీడు మరియొకనికి జరిగినప్పుడు, బాధపడినవాని కన్నీరు ఇంకను ఆరకమునుపే మనము మధ్యకు వచ్చి, "జరిగినదేదో జరిగినది, నేను క్షమించితిని" అని చెప్పవచ్చునా? ఈ ప్రశ్న కుటుంబములలోను, గ్రామములలోను, సంఘములలోను తరచుగా పుట్టుచున్నది. దీనిని ఆలోచించుటకు ఒక గొప్ప ఫిడేలు విద్వాంసుని జీవితములోని సంగతి మనకు తోడ్పడును.

యెహూది మెనూహిన్ 1916లో న్యూయార్కు నగరమున యూదులైన తలిదండ్రులకు పుట్టెను. యెహూది అను పేరునకు యూదుడనియే అర్థము. 1929 ఏప్రిల్‌లో, పదమూడేండ్లు నిండకమునుపే, ఈ బాలుడు బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందముతో కూడ ఒక్క సాయంకాలమందే బాక్, బేతోవెన్, బ్రామ్స్ అను ముగ్గురు జర్మను సంగీతకర్తల రచనలు వాయించి ఆ నగరమును ఆశ్చర్యపరచెను. ఆనాడు వాద్యబృందమును నడిపించిన బ్రూనో వాల్టరు కూడ యూదుడే.

నాలుగేండ్లలో అంతయు మారిపోయెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. బ్రూనో వాల్టరు ఆ దేశము విడువవలసివచ్చెను. ఆ వాద్యబృందములో ప్రథమ స్థానమున కూర్చుండి ఫిడేలు వాయించుచుండిన షిమోన్ గోల్డ్‌బర్గ్ అను యూదుడు 1934లో తన స్థానము కోల్పోయెను. తరువాత జరిగినది లోకమెరుగును. ఐరోపాలో సుమారు 60 లక్షల మంది యూదులు చంపబడిరి.

మెనూహిన్ ఈ సంగతులను దూరమునుండి వినినవాడు మాత్రమే కాడు. 1945 జూలైలో, బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరము విడిపింపబడిన మూడు నెలలకు, ఆయన అక్కడికి వెళ్లి, బెంజమిన్ బ్రిటన్ పియానో వాయించుచుండగా, చావు తప్పించుకొనిన వారియెదుట తన ఫిడేలు వాయించెను. ఆ ముఖములను ఆయన కన్నులార చూచెను.

అట్టివాడు 1947 సెప్టెంబరులో మరల బెర్లిన్‌కు వెళ్లి, ఆ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందముతోనే బేతోవెన్ రచించిన ఫిడేలు కన్చర్టో వాయించెను. దానిని నడిపించినవాడు విల్హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్. ఈయన హిట్లరు దినములలో దేశము విడువక నిలిచినవాడు. కొందరు యూద సంగీతకారులకు సహాయము చేసినమాట నిజమే. ఆయన కీర్తిని ఆ ప్రభుత్వము తన గొప్పకు వాడుకొనినమాటయు నిజమే. 1946 డిసెంబరులో విచారణ జరిపినవారు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టిరి. కాని మనుష్యుల హృదయములలో విచారణ ముగియలేదు.

బేతోవెన్ రచించిన ఆ కన్చర్టోలో ఒక విశేషమున్నది. మొదట వాద్యబృందమంతయు వాయించును. ఏకవాద్యకారుడు ఫిడేలు చేతపట్టుకొని సుమారు మూడు నిమిషములు ఊరక నిలిచి వినవలెను. గోల్డ్‌బర్గ్ వంటివారు వెళ్లగొట్టబడిన ఆ బృందము మధ్య ఒక యూదుడు అట్లు నిలిచి విని, పిమ్మట తన స్వరమును వారి స్వరములతో కలిపెను.

ఇది గొప్ప క్షమాపణయని అనేకులు మెచ్చుకొనిరి. కాని అదే బెర్లిన్‌లో, డ్యుపెల్ అను శిబిరములో, ఇల్లు వాకిలి లేక, చంపబడిన తమ వారి కొరకు ఏడ్చుచున్న యూదులుండిరి. శిబిరపు పత్రికలో మెనూహిన్ పేర ఒక బహిరంగ లేఖ వెలువడెను. నీ సంగీతము విని ఆనందించినవారిలో మా వారిని చంపినవారును ఉందురు అనుటయే దాని సారాంశము. వారికొరకు ఆయన ఏర్పరచిన కచేరికి బహు కొద్దిమంది మాత్రమే వచ్చిరి.

చదువరులారా, ఇందులో ఎవరిది న్యాయము? శిబిరములోనివారి కోపమును తప్పు పట్టుటకు మనము ఎంతటివారము? హత్యను క్షమించు హక్కు హతులది. వారు ఇక మాటలాడలేరు. ఆ హక్కును మెనూహిన్ ఎంత గొప్పవాడైనను ఎరువు తెచ్చుకొనజాలడు. తోటి మనుష్యునికి చేసిన తప్పిదము, ఆ మనుష్యుని సమాధానపరచువరకు, ప్రాయశ్చిత్త దినమందు ఉపవాసమున్నంతమాత్రమున తీరదని యూదుల బోధకులు పూర్వమునుండి చెప్పుచున్నారు. కొండమీది ప్రసంగములో మన ప్రభువు నేర్పిన క్రమమును అట్టిదే. మన వలన నొచ్చుకొనిన సహోదరుని చూచుట మొదటిది, అర్పణ తరువాతది.

అయితే మెనూహిన్ చేసినది వ్యర్థమా? కాదు. క్షమించుట వేరు, ఒక జనమంతటిని ద్వేషించుటకు నిరాకరించుట వేరు. మొదటిది బాధపడినవాని సొత్తు. రెండవది ప్రతి మనుష్యుని హక్కు, దానికి ఎవరి అనుమతియు అక్కరలేదు. ఆయన బెర్లిన్‌లో వాయించినప్పుడు మృతుల పక్షముగా ఏ ఋణమును కొట్టివేయలేదు. తనలో ద్వేషమునకు చోటియ్యనని మాత్రమే తెలిపెను.

ఇంతటితో ఆయన ఊరకుండినయెడల ఆ కార్యము సగమే అయియుండును. ఆయన డ్యుపెల్ శిబిరమునకు తానే వెళ్లెను. తన కచేరికి రానివారి మధ్య, కోపముతో కేకలు వేయుచున్న జనుల యెదుట నిలిచి, తాను ఎందుకు అట్లు చేసెనో చెప్పెను. చివరకు వారు ఆయన మాట వినిరి. జర్మనులయొద్దకు పోవుటకంటె ఈ ప్రయాణమే కష్టమైనదని నాకు తోచుచున్నది. అచ్చట ఆయనకు చప్పట్లు కాచుకొనియుండెను, ఇచ్చట నిందలు కాచుకొనియుండెను.

మనలో సమాధానపరచువారు సామాన్యముగా తప్పిపోవునది ఇక్కడనే. తగవు తీర్చబోయిన పెద్దమనుష్యుడు తప్పు చేసినవానిని ఉదారముగా కౌగిలించుకొనును. నష్టపడిన విధవరాలి వైపు తిరిగి, "నీవును మరచిపోవమ్మా" అని పలుకును. ఆ ఔదార్యమునకు వెల చెల్లించినది ఎవరు? ఆమెయే గదా! ఆమె గుమ్మము ఎక్కి, ఆమె చెప్పునదంతయు, అది మనలను నిందించునదైనను, కూర్చుండి వినినవాడే సమాధానమును గూర్చి మాటలాడ తగినవాడు.

మెనూహిన్ చేసినది అందరికిని సమ్మతము కాలేదు. 1949లో ఫుర్ట్‌వెంగ్లర్ చికాగో సింఫనీ వాద్యబృందమునకు రాబోగా, పేరుపొందిన సంగీతకారులు పలువురు ఎదిరించిరి. మెనూహిన్ ఆయన పక్షముననే మాటలాడెను. 1952లో నెహ్రూగారి ఆహ్వానముపై మన దేశమునకు వచ్చి, మద్రాసు మొదలగు నగరములలో క్షామ నివారణ కొరకు వాయించినవాడును ఈయనే. 1999 మార్చిలో ఆయన కన్నుమూసినది బెర్లిన్ నగరమందే.

మీ యెరుకలో తీరని తగవు ఏదైన ఉన్నయెడల, ఈ నెలలో ఎవరి యింటికి మొదట వెళ్లవలెనో ఆలోచించుడి. తప్పు చేసినవానిని ద్వేషింపకుడి. కాని బాధపడినవాని యింటికి వెళ్లకమునుపు క్షమాపణ అను మాట ఎత్తకుడి.