కనిపించని లోపం ఎవరి బాధ్యత?

కిరాణా దుకాణం నడిపే ఒక సోదరుడు ఇటీవల ఇలా అడిగారు: "మౌలానా! నేను రెండంచుల బ్లేడ్లు అమ్ముతాను. ఐదు బ్లేడ్ల ప్యాకెట్‌లో మూడు బాగా తెగుతున్నాయని, రెండు మాత్రం వెంట్రుకను కోయకుండా పీకుతున్నాయని ఫిర్యాదులు వస్తున్నాయి. బ్లేడు తయారుచేసింది నేను కాదు. కాగితం విప్పి చూసినా ఏది మంచిదో ఏది చెడ్డదో నాకు తెలియదు. నాలుగు డబ్బుల వస్తువు. దీనికి కూడా నేను అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలా?"

ప్రశ్న చిన్నదిగానే కనబడుతుంది. కాని ఫిఖ్‌హ్ గ్రంథాల్లో క్రయవిక్రయాల అధ్యాయం చదివినవారికి ఇందులో ఉన్న ముడి వెంటనే తెలుస్తుంది. వస్తువులో లోపం ఉంది. అమ్మినవాడు దాన్ని చూడలేదు, కొన్నవాడూ చూడలేదు. వాడితే తప్ప అది బయటపడదు. వాడిన తర్వాత అది కొత్త వస్తువు కాదు గనుక తిరిగి ఇవ్వడానికి వీలుండదు. మరి ఇలాంటి చోట ఎవరు ఎవరికి బాకీ?

గడ్డం పెంచే ఇళ్ళలో బ్లేడు గొడవ ఎందుకని కొందరు అనుకోవచ్చు. గడ్డం గీసుకోవడం గురించి షరీఅత్ ఆదేశం ఏమిటన్నది వేరే చర్చ, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు. శరీర పరిశుభ్రతకు సంబంధించిన సున్నత్‌లకు ప్రతి ముస్లిం ఇంట్లోనూ బ్లేడు కావాలి. అఖీఖా రోజున పసిబిడ్డ తల మీద తిరిగేది బ్లేడే. హజ్‌లో మినా మైదానంలో లక్షలాది తలలు గొరిగేదీ అదే. ఏడు రోజుల బిడ్డ లేత చర్మం మీద మొండి బ్లేడు పెడితే ఏమవుతుందో తల్లులకు వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి వెల తక్కువైనంత మాత్రాన విషయం తక్కువది కాదు. తూనికలో మోసం చేసేవాడు కూడా ఒక్కొక్కరి దగ్గర కాజేసేది గుప్పెడు గింజలే. అయినా ఆ గుప్పెడు గురించే దివ్య ఖుర్ఆన్‌లో 83వ సూరా 'ముతఫ్ఫిఫీన్' అవతరించింది.

పూర్వం ఒక ఉస్తరా కొంటే జీవితాంతం ఉండేది. దానికి పదును పెట్టుకోవలసింది యజమానే. పదును తగ్గితే తప్పు అతనిదే, మరొకరిని నిందించే పని లేదు. అమెరికాలో కింగ్ జిల్లెట్ అనే వ్యాపారి, వాడి పారేసే రెండంచుల బ్లేడును బజారుకు తెచ్చాడు. అమ్మకం మొదలైన 1903లో పోయినవి కేవలం 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో పేటెంట్ వచ్చింది. ఆ తర్వాత లోకమంతా ఆ బ్లేడునే వాడింది. దీనితో ఒక మార్పు వచ్చింది, దాన్ని మనం అంతగా గమనించం. పదును బాధ్యత మన చేతిలో నుంచి ఫ్యాక్టరీ చేతికి పోయింది. మనం డబ్బిచ్చి కొంటున్నది ఇనుప రేకును కాదు, పదునును. అది కాగితంలో చుట్టి ఉంటుంది. చూడకుండా నమ్మి తీసుకుంటున్నాం కాబట్టి అది ఒక రకంగా అమానత్.

మరి బ్లేడుకూ బ్లేడుకూ తేడా ఎందుకు వస్తుంది? మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న ఉక్కు పట్టీని తీసుకుంటారు. దానికి రంధ్రాలు కొట్టి, కొలిమిలో వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు. తర్వాత సానరాళ్ళ మధ్య నుంచి పంపి అంచు తీస్తారు. ఆ అంచుకు క్రోమియం, ప్లాటినం వంటి లోహంతో పూత వేస్తారు. దాని మీద మళ్ళీ నాన్‌స్టిక్ పెనానికి వేసేలాంటి నునుపు పూత వేస్తారు. కొలిమి వేడి కాస్త తగ్గినా, సానరాయి అరిగినా, పూత ఒకచోట పలచబడినా ఆ బ్లేడు పక్కదానిలా ఉండదు. ఇవన్నీ కనిపెట్టి చూసుకోవలసింది తయారీదారే.

అయితే మనిషి చేతిలో లేని తేడా కూడా ఒకటుంది. ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా వెంట్రుకే ఉక్కును ఎలా పాడు చేస్తోందో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు పరీక్షించి 2020లో ప్రకటించారు. బ్లేడు అంచు కేవలం అరిగి మొండిదవడం లేదు, అక్కడక్కడా పెచ్చులూడుతోంది. దానికి ఒక కారణం, ఉక్కు లోపలి సూక్ష్మ నిర్మాణం అంతటా ఒకేలా లేకపోవడం. అంటే ఒకే బ్లేడులో ఈ చివరకూ ఆ చివరకూ కూడా తేడా ఉంటుంది. దీన్ని పూర్తిగా తీసివేయడం ఏ ఫ్యాక్టరీకీ సాధ్యం కాదు.

ఇక్కడ మన మదరసాల్లో చదివే 'హిదాయా' గ్రంథంలోని ఒక మస్అలా చక్కగా పనికివస్తుంది. కోడిగుడ్లో ఖర్బూజాయో అక్రోట్లో కొన్నవాడు పగలగొట్టి చూస్తే లోపల చెడిపోయి ఉంది. అది దేనికీ పనికిరానిదైతే వెల మొత్తం తిరిగి తీసుకుంటాడు. కొంతవరకు పనికివచ్చేదైతే, పగలగొట్టాడు గనుక వస్తువు తిరిగి ఇవ్వలేడు, లోపం వల్ల తగ్గిన విలువ మాత్రం రాబట్టుకుంటాడు. రాశిగా కొన్న అక్రోట్లలో కొన్ని మాత్రమే పుచ్చినవైతే? నూటికి ఒకటి రెండు పుచ్చులు లేకుండా అక్రోట్లు ఉండవు కాబట్టి ఆ మాత్రానికి అమ్మకం చెల్లుతుందనీ, ఎక్కువైతే చెల్లదనీ ఫుఖహాలు తేల్చారు. సహజంగా తప్పని లోపాన్ని క్షమించారు గాని ఆ క్షమకు ఒక హద్దు పెట్టారు.

బ్లేడ్లకు ఇదే కొలత వర్తిస్తుందని నా అభిప్రాయం. నూటిలో ఒకటి అర మొండిగా వస్తే అది అక్రోటు పుచ్చు లాంటిది, సహించాలి. ఐదింటిలో రెండు వస్తే అది పుచ్చు కాదు, అశ్రద్ధ. పైగా అక్రోటు లోపల ఏముందో రైతుకు తెలియదు. ఫ్యాక్టరీవాడికి తన సానరాయి ఎప్పుడు అరిగిందో తెలుస్తుంది, తెలుసుకోవడానికి పరికరాలూ ఉన్నాయి. తెలుసుకోగలిగి కూడా తెలుసుకోనివాడు, ఖర్చు తగ్గుతుందని పరీక్ష మానేసినవాడు "నాకు తెలియదు" అంటే ఆ మాట చెల్లదు.

కొనేవారికి కూడా ఒక మాట చెప్పాలి. పొడి గడ్డం మీద గబగబా లాగి, తువ్వాలుతో అంచు తుడిచి, తడి గోడ మీద పెట్టి, మర్నాడు కంపెనీని తిట్టడం న్యాయం కాదు. గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషాలు నానితే వెంట్రుక మెత్తబడుతుంది. నింద వేసే ముందు లోపం వస్తువులో ఉందో వాడకంలో ఉందో చూసుకోవడం కూడా దీన్‌లో భాగమే.

ఇక దుకాణదారుడి సంగతి. మదీనా బజారులో జరిగిన సంఘటన హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంగా సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (సఅసం) ధాన్యపు రాశి లోపల చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందని వర్తకుడు జవాబిచ్చాడు. తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (సఅసం) నిలదీశారు, మోసగించేవాడు తనవాడు కాదని హెచ్చరించారు. గమనించండి, వాన పడినందుకు ఆ వర్తకుణ్ణి ఎవరూ తప్పు పట్టలేదు. తడిని కింద పెట్టినందుకు పట్టారు. మన సోదరుడు కూడా మొదటి ఫిర్యాదు వచ్చేదాకా వాన కింద నిలబడ్డ మనిషే, ఏ పాపమూ లేదు. నలుగురు వచ్చి అదే లాటు గురించి అదే మాట చెప్పాక అతనికి తడి సంగతి తెలిసిపోయింది. ఆపైన ఏమీ ఎరగనట్టు ప్యాకెట్ అందించడం తడిని కింద పెట్టడమే.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టాం కదా అంటారు కొందరు. ఏ లోపానికీ నా పూచీ లేదని ముందే చెప్పి, కొనేవాడు ఒప్పుకుంటే హనఫీ ఫిఖ్‌హ్‌లో అది చెల్లుతుంది, నిజమే. గోడ మీది బోర్డును కొనేవాడు చదివి ఒప్పుకున్నాడా అన్నది మొదటి సందేహం. ఖాజీ తీర్పులో బాధ్యత తప్పినా, తెలిసి దాచిన పాపం అల్లాహ్ దగ్గర తప్పదన్నది అంతకంటే పెద్ద సంగతి. మన దేశ చట్టం సైతం ఈ బోర్డును అంగీకరించదు. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న వస్తువును 30 రోజుల్లో వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపారమని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది.

కాబట్టి ఆ సోదరుడు చేయవలసింది ఇది. ఆ లాటులో మిగిలిన ప్యాకెట్లను డీలరుకు తిప్పి పంపాలి. డీలరు తీసుకోకపోతే, వీటి మీద ఫిర్యాదు ఉందని నోటితో చెప్పి, వెల తగ్గించి అమ్మాలి. ముఖ్యంగా సెలూన్ల వారికి చెప్పాలి. వాళ్ళు ఒక బ్లేడును రెండుగా విరిచి రెండు గడ్డాలకు వాడతారు, లోపం పరాయి మనిషి మెడ మీద బయటపడుతుంది. సగం గీసిన గడ్డంతో ఎవరూ దుకాణానికి పరుగెత్తి రాలేరు గనుక, వాడిన బ్లేడు చూపించినా ఆ ఒక్కదాని వెల ఇచ్చేయాలి. తెలిసిన తర్వాత దాచి అమ్మినవి ఏవైనా ఉంటే, కొన్నవారు గుర్తున్నంత వరకు వారికే తేడా చెల్లించాలి. గుర్తులేని వారి సంగతికి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఆచరణ ఉంది. ఆయన బట్టల వర్తకులు. ఆయన భాగస్వామి ఒక బట్టలోని లోపం చెప్పడం మరచి అమ్మేశారు, కొన్నవాడెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా సదఖా చేసేశారు. మన సోదరుడు అంత చేయలేకపోతే, ఆ ప్యాకెట్ల మీద అదనంగా వచ్చిన మొత్తం లెక్కగట్టి, కొన్నవారి తరఫున పేదలకు ఇచ్చేస్తే చాలు. తర్వాత వారిలో ఎవరైనా వచ్చి అడిగితే వారి హక్కు వారికి మళ్ళీ ఇవ్వాలి.