అర్థబంధం – ఆయుధ పరిశ్రమ: భీష్మపర్వం ఆధారంగా ఒక నైతిక విచారణ

యుద్ధారంభానికి ముందు ధర్మరాజు కవచం విడిచి, కాలినడకన శత్రుసేనలోకి వెళ్లి భీష్మ ద్రోణ కృప శల్యులకు నమస్కరిస్తాడు. నలుగురూ అతని జయాన్నే కోరుతారు. అయినా కౌరవుల అర్థానికి కట్టుబడ్డామంటారు. ఈ ఘట్టాన్ని పెద్దల వ్యక్తిత్వ బలహీనతగా చదవడం పరిపాటి. జీవనాధారం విచక్షణను ఎట్లా బంధిస్తుందో చూపే వ్యవస్థా చిత్రంగా కూడా దీనిని చదవవచ్చు.

1961 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పదవి వీడుతూ సైనిక–పారిశ్రామిక సముదాయపు పలుకుబడి గురించి హెచ్చరించాడు. అది కోరి సంపాదించినదైనా, కోరకనే సంక్రమించినదైనా ప్రమాదమేనన్నది అందులోని సూక్ష్మం. లంచాన్ని చట్టం పట్టుకోగలదు, జీతాన్ని పట్టుకోలేదు.

హైదరాబాదులో 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్ ఏర్పడ్డాయి. 2018లో అదానీ–ఎల్బిట్ మానవరహిత విమానాల కర్మాగారం వచ్చింది. పాలకొల్లులో నాతో ఇంటర్ చదివిన మిత్రుడొకడు అక్కడ క్షిపణి విడిభాగాలు చేసే చిన్న సంస్థలో ఉద్యోగి. అవి ఎవరిపై పడతాయని అడిగితే, “మనకెందుకురా అయ్యన్నీ? జీతం ఒకటో తారీకుకి పడిపోతుంది” అన్నాడు. వాణ్ణి తప్పుపట్టే అర్హత నాకు లేదు. నా పరిశోధక వేతనం మూలాలను నేనెన్నడూ ఆరా తీయలేదు.

ఆయుధమే వద్దనడం తేలిక. 1971 డిసెంబరులో విశాఖ తీరాన ఘాజీ జలాంతర్గామి మునిగిన సంగతి తెలిసిన కోస్తావాసి ఆ మాట అనలేడు. అయితే దేశ రక్షణ ఎగుమతులు 2013–14లో 686 కోట్ల రూపాయలు. 2024–25లో 23,622 కోట్లు. ఆకాశ్ క్షిపణులను ఆర్మేనియా కొన్నది. ఇక్కడ ‘రక్షణ’ అనే పదానికి మనం అలవాటు పడిన అర్థం చెల్లదు. పరుల యుద్ధం మన ఉపాధి అవుతుంది.

ప్రభుత్వ భాష కూడా మారింది. 2025 మే 2న అమరావతి సభలో రోడ్లు, రైలుమార్గాల పనులతో పాటు కృష్ణాజిల్లా నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రానికీ ప్రధాని శంకుస్థాపన చేశారు. విలువ సుమారు 1,460 కోట్ల రూపాయలు. వంతెన, క్షిపణి ఒకే ‘అభివృద్ధి’ జాబితాలో చేరాక, రెండోదాన్ని విడిగా ప్రశ్నించినవాడు మొదటిదాన్నీ కాదన్నవాడవుతాడు.

భీష్మపర్వంలో మరొక విశేషముంది. బంధితుడైన ద్రోణుడు తనను ఏ స్థితిలో చంపవచ్చునో ఆనాడే ధర్మరాజుకు చెప్పాడు. భీష్ముడు తొమ్మిదవనాటి రాత్రి చెప్పాడు. శరీరం ఒక పక్షాన ఉన్నా వాక్కు మిగిలింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం రెండవ షెడ్యూలులో రక్షణ పరిశోధనా సంస్థకు మినహాయింపు ఉంది; అవినీతి, మానవహక్కుల ఆరోపణలకే సడలింపు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నేటికీ అమలులో ఉంది. భీష్మద్రోణులకు మిగిలిన ఆ కొద్దిపాటి వెసులుబాటు నా మిత్రునికి లేదు.