లక్కమ్మ అడిగిన లెక్క

కాయకమును పూజగా ఎంచు మనకు ఆయ్దక్కి మారయ్య కథ క్రొత్తది కాదు. కల్యాణమున నేల రాలిన బియ్యము ఏరి తెచ్చి దాసోహము సల్పుట ఆ శరణుని కాయకము. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. ఈ ఆశ మనకేల, అధికమైనది తిరిగి అక్కడనే పోసి రమ్మని భార్య లక్కమ్మ పంపివేసెను.

మన పార్లమెంటు సభ్యుని నెలజీతము 2018లో లక్ష రూపాయలాయెను. 2025లో వెలువడిన ప్రకటన దానిని 2023 ఏప్రిల్ 1 నుండి వర్తించునట్లు 1,24,000 చేసినది. భత్యములు, నివాసము, విమానయానము వేరు. జీతము తప్పు కాదు. అది లేనిచో పేదవాడు సభలో కూర్చుండలేడు. ఇంత చాలునని అడుగువారెవరన్నదే ప్రశ్న.

ఎదుటి పక్షమువాని కార్లను లెక్కించు మనము, మన పక్షమువాడు మేడ కట్టినచో "పోనిండు, మనవాడే గదా" అందుము. మనవాడనగా తరచుగా మన కులమువాడనియే. ఈ మాట మన ఇండ్లలోను వినబడుచునే యున్నది, దాచనేల?

లక్కమ్మ పొరుగింటి మూటను విప్పలేదు. తన భర్త తెచ్చిన మూటనే చూచినది. ఆమెకు మారయ్యపై ప్రేమ తక్కువ యని ఎవరనగలరు? ఆయనయు అలుగలేదు. ఆ బియ్యము తీసికొనిపోయి, తెచ్చినచోటనే పోసి వచ్చెను.