ముఖాముఖిగా
మూలవాక్యము: 2 యోహాను 12



గడచిన క్రిస్మసుకు ముందు పట్నమునకు పోయినప్పుడు అరచేతిలో ఇమిడే పాటల పెట్టె యొకటి కొంటిని. మన సంఘములో చూపు పోయిన అవ్వ యొకతె యున్నది, ఆమెకొరకే కొంటిని. ఆమె యింటి అరుగుమీదనే దానిని విప్పితిమి. ఇరుగుపొరుగు పిల్లలందరు మూగిరి. పైన మెరిసే అట్ట, లోపల గూడువంటి అమరికలో ప్లేయరు, ప్రక్కన చుట్టచుట్టిన చార్జింగు వైరు, చీమ తలలవంటి అక్షరములతో ఇంగ్లీషు కాగితము. అవ్వ ఒక్కొక్కటిగా తడిమి, “మాట ఏ పక్కనుంచి వస్తాది అయ్యగారూ?” అని అడిగెను.

మీట నొక్కగా అది పలుకలేదు. క్రొత్త పెట్టె ఖాళీదే గదా! 66 గ్రంథములు, 1,189 అధ్యాయములు ఎక్కించిన గోరంత మెమరీ కార్డు పెట్టినప్పుడుగాని నోరు విప్పలేదు. (నింపనిదే పలుకదను సంగతిమీద వేరొక ప్రసంగము చేయవచ్చును, నేడది కాదు.) ఆదికాండము మొదలుకాగానే అవ్వ కొంగుతో కన్నులు ఒత్తుకొనెను. నేను సంతోషముతో ఇల్లు చేరితిని.

నా తప్పు అక్కడనే మొదలాయెను. అంతకుముందు ప్రతి గురువారము పోయి ఆమెకు వాక్యము చదివి వినిపించుచుంటిని. ఇప్పుడు నాకంటె చక్కగా చదువునది ఆమె తలగడ ప్రక్కనే యున్నదిగదా యని మానుకొంటిని. మూడు నెలలు గడచెను. అప్పుడు ఆమె కబురంపగా పోతిని. “పెట్టె బాగనే చదువుతాది అయ్యగారూ, దానికేం వంక పెట్టను. నేను ఏడిస్తే మాత్రం అది ఆగదు. మా చెల్లెలు పోయిన రాత్రి కూడా దాని పాటికి అది చదువుకుంటానే ఉండె” అనెను. ఆ చెల్లెలు చనిపోయినట్లు నాకు తెలియనే తెలియదు. కాపరినని పేరు పెట్టుకొనినవాడను!

ప్రియులారా, వృద్ధుడైన యోహాను ఆ చిన్న పత్రికలో ఏమి చేసెనో చూడుడి. వ్రాయవలసినది ఇంకను చాల యున్నను సిరాను కాగితమును ప్రక్కకు పెట్టి, తానే వచ్చి ముఖాముఖిగా మాటలాడుదునని చెప్పెను. ఇరువురికిని సంతోషము పరిపూర్ణమగుట అట్లేనని అతడెరుగును. పత్రిక చెడ్డదని కాదు. దానిని దేవుడే మనకొరకు భద్రపరచెను. అయినను పత్రిక పత్రికయే.

పాటల పెట్టెలు సాతాను పనిముట్లని పెద్దలు కొందరనుచుందురు. నేనట్లు అనను. హొండూరాస్ దేశములో సేవచేసి జబ్బుపడి తిరిగివచ్చిన జాయ్ రిడరాఫ్ దొరసాని, ఇక పోలేని తన పల్లెలను తలంచుకొని, 1939లో లాస్ ఏంజెలిస్‌లో సువార్తను రికార్డులలో నింపి పంపు పని మొదలుపెట్టెను. తరువాతి కాలమున ఆ సంస్థవారు విద్యుత్తు అక్కరలేక చేతితో త్రిప్పుకొను అట్ట గ్రామఫోను కూడ చేసిరి. ఆమె పోలేక తన స్వరమును పంపెను. నేనో, నాలుగు వీధుల అవతలికి పోగలిగియుండి పెట్టెను పంపితిని.

సౌలు సంగతియు చూడుడి. 1 సమూయేలు 16లో దావీదు సితారా వాయించగా అతడు నెమ్మది పొందెను. 18లో అదే చేయి వాయించుచుండగా ఈటె విసరెను. వాయించువాడు ఎదుటనే యుండెను గనుక ఆ మార్పును చూచి తప్పించుకొనెను. పెట్టె మన ముఖము చూడదు. మనము ఈటె యెత్తినను, కన్నీరు కార్చినను దానికి ఒక్కటే.

మీ యిండ్లలోను ఇట్టివి యున్నవి. దుబాయిలోనో హైదరాబాదులోనో యున్న కుమారులు తలిదండ్రులకు పంపినవి. మంచిదే. అయితే సెలవు దొరికినప్పుడైనను వచ్చి ఆ మంచము ప్రక్కన కూర్చుండుడని మీ పిల్లలకు నా మాటగా చెప్పుడి.

నేను మరల గురువారములు పోవుచున్నాను. నన్ను చూడగానే అవ్వ పెట్టె కట్టివేసి ప్రక్కకు జరుపును. నా ఉచ్చారణలో తప్పులు కూడ పట్టుచున్నది. పెట్టె ఆ మాటను వేరుగా పలికెననును! వచ్చు గురువారము 88వ కీర్తన చదువుమని అడిగినది. అది చదివిన తరువాత కొంతసేపు ఏమియు మాటలాడక కూర్చుండవలెనట.