విప్పి చూచిన బండి

కార్యాలయవేళ సమీపించుచుండగా స్కూటరు మొరాయింప, దానిని పక్కకు వంచి, మరల నిలిపి, కిక్కు కొట్టి కొట్టి కాలు పులిసిన గృహస్థునకు, అలమరలోని మరమ్మతు పుస్తకము, పుటల అంచులపై ఇంజనాయిలు వ్రేలిముద్రలు పడినదైనను, ఆప్తబంధువువలె తోచును.

1972లో వెలువడిన చేతక్ స్కూటరు వంటి టూస్ట్రోకు బండ్లలో పెట్రోలుతోపాటు ఆయిలును కాలుచుండుటచే, ప్లగ్గునకు మసి పట్టుట సామాన్యము. వైద్యుడు నాలుకను పరీక్షించునట్లు ప్లగ్గు మొనను పరీక్షింపుడని పుస్తకము చెప్పును: లేత కాఫీరంగున నున్న ఇంజనునకు కుశలము, తడిమసి పట్టిన పెట్రోలో, ఆయిలో అధికము, తెల్లబారిన వేడిమి మితిమీరినది.

ఇక కార్బురేటరు పటము! జెట్టు, ఫ్లోటు, సూది, స్ప్రింగు, ఒకదానినుండి యొకటి విడివడి, గాలిలో తేలుచున్నట్లు, అంకెలు ధరించి వరుసదీరియుండును. కథాగ్రంథములకంటె నాకీ పటమే ప్రీతికరము.

ఇట్టి పుస్తకములలో, ఆంగ్లదేశీయుడగు జాన్ హేన్స్ 1966లో ప్రకటించిన తన తొలి వర్క్‌షాపు మాన్యువల్‌కు మూలము, మిత్రుని కారును విప్పి బిగించుచు తీసిన ఛాయాచిత్రములే. పిదప ఆ పద్ధతి మోటారుసైకిళ్లకును ప్రాకినది. విప్పిన క్రమమునకు విపర్యయముగా బిగింపుడని ఈ పుస్తకములు ఏకవాక్యమున తేల్చివేయుట మాత్రము నిర్దయ. నాకొకమారు రెండు వాషర్లు మిగిలినవి. బండి నడచినది, వాషర్లు నేటికిని సొరుగులో నున్నవి.

నేడు మీ బండి మొరాయించినచో, ఇంజను చల్లారనిచ్చి, ముందుగా ప్లగ్గు విప్పి చూడుడు.